తొండి, తీర్పు, పెద్దమనిషి

మా బడి పిల్లలు సాయంత్రం పూట ఆడుకునే క్రికెట్టును ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. చక్రాయపేట చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు ఆటస్థలమంటే శెనక్కాయ పంట తీసిన చేను, లేదా రాళ్ళేరుకుని తామే చదును చేసుకున్న బీడు. ఒక బ్యాటు, ఒక టెన్నిసు బంతి, వికెట్లుగా మూడు కట్టెలు. ఈ ఇరవై ఏళ్ళలో ఆ పిల్లల నోట 'క్రీడాస్ఫూర్తి' అన్న మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. వాళ్ళకు తెలిసిన మాట 'తొండి'. 'తొండి చేస్తాండావు', 'తొండాటకు మేం రాము' - వాళ్ళ నీతిశాస్త్రమంతా ఈ రెండు వాక్యాలే.

'క్రీడాస్ఫూర్తి' వినపడే చోటు వేరు. బహుమతి ప్రదానోత్సవంలో ముఖ్య అతిథి ఉపన్యాసంలో అది వుంటుంది. పత్రికల ఆటల పేజీలో వుంటుంది. క్రమశిక్షణ సంఘం ఉత్తర్వులో వుంటుంది. ఒకటి ఆడేవాడి మాట, రెండవది ఆడించేవాడి మాట. తొండి అనే మాట ఒక అన్యాయాన్ని వేలెత్తి చూపిస్తుంది. క్రీడాస్ఫూర్తి అనే మాటను చాలా సందర్భాలలో ఆ వేలు దించమని చెప్పటానికి వాడుతున్నారు. మాటల వెనక వున్న సామాజిక సంబంధాలను పరిశీలించాలని సాహిత్య విద్యార్థులకు మనం చెబుతూ వుంటాం. అందుకు ఈ రెండు మాటలు మంచి పాఠం. ఆట మీద వ్యాసానికి సాహిత్య పత్రికలో పనేమిటని అడిగే మిత్రులకు నా సమాధానం ఇది. అదీగాక, ఈ చర్చ చివరకు మన విమర్శ దగ్గరికే వస్తుంది.

అంపైరు ఇచ్చిన తీర్పుకు మారుమాటాడకుండా తలవంచటమే క్రీడాస్ఫూర్తి అనే నిర్వచనం ఒకటి మన పాఠశాలల్లో ప్రచారంలో వుంది. నేను కూడా చాలా కాలం పిల్లలకు అదే చెప్పాను. అది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

*

క్రికెట్టుకు పెద్దమనుషుల ఆట అని పేరు. ఈ పేరు పెట్టిన ఇంగ్లండులో 'పెద్దమనిషి' అన్నది మొదట గుణవాచకం కాదు, వర్గవాచకం. డబ్బు తీసుకోకుండా ఆడగలిగిన సంపన్నుడు పెద్దమనిషి. కూలి తీసుకుని ఆడేవాడు ఉత్త ఆటగాడు. ఈ రెండు వర్గాల మధ్య 1806లో మొదలయిన పోటీ 1962 దాకా సాగింది. స్కోరు పట్టికలో సైతం పెద్దమనిషి పొడి అక్షరాలు ఇంటిపేరుకు ముందు, కూలి ఆటగాడివి ఇంటిపేరు తరవాత అచ్చువేసేవారు. పెవిలియన్ నుండి మైదానంలోకి వచ్చే ద్వారాలు కూడా చాలా చోట్ల వేరువేరు.

ఈ చరిత్రను మనసులో పెట్టుకుని ఆలోచిస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. తప్పు తీర్పుకు చిరునవ్వుతో వెళ్ళిపోవటం ఎవరికి సులభం? ఆ ఆట మీద బతుకు ఆధారపడని వాడికి. సున్నా పరుగులకు అవుటయితే వచ్చే యేడు తనను పెట్టుకోరేమోనని భయపడేవాడికి ఆ చిరునవ్వు చాలా ఖరీదయినది. ఇద్దరి దగ్గరా ఒకే చిరునవ్వు ఆశించే నీతి పైకి సమానంగా కనిపిస్తుంది. దాని బరువు మాత్రం సమానంగా పడదు.

తెలుగులో 'పెద్దమనిషి'కి మరొక అర్థం కూడా వుంది. పంచాయితీ చెప్పేవాడు. మన సీమలో పెద్దమనుషుల పంచాయితీ ఎట్లా నడుస్తుందో తెలియనివారు లేరు. గట్టు తగాదాలో తీర్పు వినకముందే దండం పెట్టవలసినవాడు ఎవడో, తీర్పు విన్నాక కూడా నవ్వగలిగినవాడు ఎవడో ఊరందరికీ తెలుసు. ఇంగ్లీషు పెద్దమనిషీ మన పెద్దమనిషీ క్రికెట్టులో కలుసుకున్నారు. వలస పాలకుల ఆటకు మన దేశంలో సంస్థానాధీశులు, జమీందారులు పోషకులయ్యారు. పోషకుడే నాయకుడు కూడా కావాలనుకున్నాడు.

ఇందుకు మన తెలుగునాటి పేరే సాక్ష్యం. 1932లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకు పోరుబందరు మహారాజు నాయకుడు. తన ఆట ఎంతో ఆయనకు తెలుసు. లార్డ్స్ టెస్టులో పక్కకు తప్పుకుని, తెలుగు కుటుంబంలో నాగపూరులో పుట్టిన సి.కె. నాయుడును నాయకుణ్ణి కానిచ్చాడు. అట్లా మొట్టమొదటి భారత టెస్టు కెప్టెను నాయుడు అయినాడు. 1936లో కథ మారింది. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అని పిలిచే వ్యక్తి, జట్టును ఇంగ్లండు తీసుకువెళ్ళాడు. మూడు టెస్టులలోనూ తానే నాయకుడు. ఆరు ఇన్నింగ్సులలో 33 పరుగులు చేశాడు. ఆ పర్యటనలో బాగా ఆడుతున్న లాలా అమరనాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపించారు. నాయుడు అదే జట్టులో విజ్జీ కింద ఆడవలసి వచ్చింది. తరవాత జరిగిన విచారణలో అమరనాథ్ నిర్దోషి అని తేలింది. కాని ఆడకుండా పోయిన ఆ టెస్టులు తిరిగి రావు కదా. ప్రశ్నించినవాణ్ణి క్రమశిక్షణ లేనివాడని ముద్ర వేయటం పెద్దమనిషి ఆటలో మొదటినుంచీ వున్న ఎత్తు అని ఈ ఉదంతం చెబుతుంది.

*

విజ్జీ పేరులో వున్న ఆ విజయనగరంలోనే 2018 జనవరి 11న ఒక సంఘటన జరిగింది. సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీలో హైదరాబాదు, కర్ణాటక తలపడ్డాయి. హైదరాబాదు కెప్టెను అంబటి రాయుడు, గుంటూరు నుండి వచ్చిన ఆటగాడు. కర్ణాటక ఇన్నింగ్సు మొదట్లో కరుణ్ నాయర్ కొట్టిన బంతిని హైదరాబాదు ఫీల్డరు హద్దు దగ్గర ఆపాడు. ఆపేటప్పుడు అతని కాలు తాడుకు తగిలింది. నియమం ప్రకారం అది నాలుగు పరుగులు. మైదానంలో ఇచ్చినవి రెండే. ఇన్నింగ్సు ముగిసేసరికి కర్ణాటక స్కోరు 203. ఆ తరవాత కర్ణాటకవారు అంపైర్లతో మాట్లాడారు. రెండు పరుగులు కలిపి స్కోరును 205 చేశారు. హైదరాబాదు చివరి బంతికి 203 దగ్గర ఆగింది. రెండు పరుగుల తేడాతో ఓడినట్టు ప్రకటించారు. రాయుడు ఒప్పుకోలేదు. తాము ఛేదించవలసింది 204 అని, స్కోర్లు సమమయ్యాయి కాబట్టి సూపర్ ఓవరు ఆడించాలని పట్టుబట్టి జట్టుతో మైదానంలోనే వుండిపోయాడు. అదే మైదానంలో తరవాత ఆడవలసిన ఆంధ్ర, కేరళ జట్ల ఆటను ఆలస్యం మూలంగా కుదించవలసి వచ్చింది. క్రికెట్ బోర్డు రాయుడును రెండు మ్యాచులు ఆడకుండా నిషేధించింది.

దీన్ని క్రమశిక్షణ సమస్యగా మాత్రమే చూసి వదిలేశాం. విమర్శకుడు అట్లా వదలకూడదు. ఇందులో మూడు విషయాలు వున్నాయి, వాటిని విడదీసి చూడాలి. మొదటిది వాస్తవం. కాలు తాడుకు తగిలింది కాబట్టి ఆ రెండు పరుగులు న్యాయంగా కర్ణాటకవే. రెండవది పద్ధతి. అంపైరు తన తీర్పును మార్చుకోవచ్చునని నియమాలు చెబుతాయి, అయితే ఆ మార్పు వెంటనే జరగాలని కూడా చెబుతాయి. తగిలిందో లేదో ఆ క్షణంలో చూసుకోకుండా, ఇన్నింగ్సు ముగిశాక లెక్క మార్చటం మీద హైదరాబాదుకు అభ్యంతరం వుండటంలో తప్పులేదు. మూడవది ప్రవర్తన. ఏ పాపమూ ఎరుగని మరి రెండు జట్ల ఆటకు అడ్డం పడటాన్ని నేను సమర్థించలేను. శిక్షకు కారణం లేదని కూడా అనలేను.

అంటే వాస్తవం ఒక పక్షాన, పద్ధతి మరొక పక్షాన నిలబడ్డాయి. ఇట్లాంటి చోట 'అంపైరు చెప్పిందే వేదం' అనే సూత్రం ఏ మాత్రమూ ఉపయోగపడదు. అంపైరు రెండు మాటలు చెప్పాడు. ఏ మాట వేదం? ఇంకొక సంగతి గమనించాలి. ఆటగాడి తప్పుకు విధించిన శిక్ష పత్రికలకు ఎక్కింది. తీర్పు చెప్పేవాడి పనితీరు మీద కూడా మదింపు వుంటుంది, కాని అది కాగితాల్లోనే వుండిపోతుంది.

*

'తీర్పుకు తలవంచటమే క్రీడాస్ఫూర్తి' అనేవారు తప్పకుండా చెప్పే కథ ఒకటి వుంది. 1980 ఫిబ్రవరి, బొంబాయి వాంఖడే మైదానం, ఇంగ్లండుతో స్వర్ణోత్సవ టెస్టు. గుండప్ప విశ్వనాథ్ మన కెప్టెను. ఇంగ్లండు 58 పరుగులకు అయిదు వికెట్లు పోగొట్టుకుని వుంది. కపిల్‌దేవ్ బంతికి బాబ్ టేలర్ వికెట్ కీపరు చేతికి చిక్కాడని అంపైరు హనుమంతరావు వేలెత్తాడు. టేలర్ తన బ్యాటుకు తగలలేదని తటపటాయించాడు. స్లిప్‌లో నిలబడిన విశ్వనాథ్‌కు కూడా తగలలేదనే అనిపించింది. ఆయన అంపైరుతో మాట్లాడి అప్పీలు వెనక్కి తీసుకుని టేలర్‌ను వెనక్కి పిలిచాడు. టేలర్, బోథం కలిసి 171 పరుగులు జోడించారు. ఇంగ్లండు పది వికెట్ల తేడాతో గెలిచింది.

ఈ కథను నేను కూడా తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. అయితే దాని తర్కం నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. విశ్వనాథ్ చేసిందేమిటి? అంపైరు తీర్పును ఆయన అంగీకరించలేదు. వేలెత్తిన తరవాత దించమన్నాడు. అంటే క్రీడాస్ఫూర్తికి మనం చూపే అత్యుత్తమ ఉదాహరణే అంపైరు తీర్పును ప్రశ్నించిన ఉదాహరణ. రాయుడుకూ ఆయనకూ వున్న తేడా ఒక్కటే. రాయుడు తనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును ప్రశ్నించాడు. విశ్వనాథ్ తనకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రశ్నించాడు.

ఇక్కడ రెండు వేరువేరు విలువలు వున్నాయి. నాకు లాభం చేసిన తప్పును నేనే బయటపెట్టటం క్రీడాస్ఫూర్తి. నాకు నష్టం చేసిన తప్పును ప్రశ్నించటం హక్కు. మొదటిదాన్ని ఎవరూ బలవంతం చేయలేరు, రెండవదాన్ని ఎవరూ లాక్కోకూడదు. పెద్దమనిషి నీతి ఈ రెండింటినీ కలగాపులగం చేస్తుంది. హక్కు అడిగినవాణ్ణి స్ఫూర్తి లేనివాడంటుంది. స్ఫూర్తి చూపించవలసినవాణ్ణి మాత్రం 'అంపైరు ఇచ్చాడు కదా' అని కాపాడుతుంది.

2008 జనవరిలో సిడ్నీ టెస్టులో జరిగింది ఇదే. ఇశాంత్ శర్మ బంతి ఆండ్రూ సైమండ్స్ బ్యాటు అంచుకు తగిలి కీపరు చేతిలో పడింది. అప్పటికి అతని పరుగులు 30. అంపైరు బక్నర్ నాటౌటన్నాడు. సైమండ్స్ కదలలేదు, 162 పరుగులతో అజేయంగా నిలిచాడు. బంతి తగిలిందని తరవాత తానే చెప్పాడు. అతను చేసిందాంట్లో నియమభంగం ఏమీ లేదు. అంపైరు తీర్పును గౌరవించాడు! మన లక్ష్మణ్ 109 పరుగులు చేసిన ఆ టెస్టులో భారతదేశం 122 పరుగుల తేడాతో ఓడింది. మన బోర్డు నిరసన తెలిపింది, తరవాతి టెస్టుకు బక్నర్‌ను తప్పించారు. మనవాళ్ళకు న్యాయం జరిగిందని సంతోషించేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ప్రపంచ క్రికెట్టులో అందరికంటె డబ్బున్న బోర్డు అడిగింది కాబట్టి అంపైరు మారాడా, లేక తప్పు జరిగింది కాబట్టి మారాడా? ఏ పేద దేశపు బోర్డు అడిగినా ఇట్లాగే మారేవాడా? తరవాత తీర్పులను సమీక్షించమని కోరే హక్కు ఆటగాళ్ళకు వచ్చినప్పుడు, దాన్ని పూర్తిగా ఒప్పుకోకుండా 2016 దాకా సాగదీసింది కూడా ఆ బోర్డే. సొంత బలంతో పని జరిపించుకోగలవాడికి అందరికీ సమానంగా వుండే హక్కు మీద తొందర వుండదు.

*

మరి తటస్థుడయిన తీర్పరిని తెచ్చుకుంటే సమస్య తీరుతుందా? ఈ ప్రశ్నకు జవాబులో కూడా మన తెలుగునేలకు పాత్ర వుంది. ఒకప్పుడు టెస్టులలో ఆతిథ్య దేశపు అంపైర్లే నిలబడేవారు. ప్రతి పర్యటన చివరా పక్షపాతం అనే ఆరోపణ తప్పేది కాదు. 1986 నవంబరులో పాకిస్తాన్, వెస్టిండీస్ జట్ల మధ్య లాహోర్ టెస్టుకు ఇమ్రాన్‌ఖాన్ పట్టుదల మీద మూడవ దేశం నుండి అంపైర్లను పిలిపించారు. వచ్చినవారు ఇద్దరూ భారతీయులే. ఒకరు పీలూ రిపోర్టర్, రెండవవారు హైదరాబాదుకు చెందిన వి.కె. రామస్వామి. సరిహద్దు ఇవతలి అంపైర్ల తీర్పును లాహోర్‌లో పాకిస్తాన్ శిరసావహించింది. ఆ టెస్టులో పాకిస్తాన్ 131, 77 పరుగులకు కుప్పకూలి ఇన్నింగ్సు పది పరుగుల తేడాతో ఓడిపోయింది. తాను అడిగి తెచ్చుకున్న న్యాయం ముందు తానే ఓడింది. దాని వల్ల ఆ కోరిక విలువ తగ్గలేదు, పెరిగింది.

ఆ పద్ధతి నిలదొక్కుకుంది. 1994 నుండి ప్రతి టెస్టుకు ఒక తటస్థ అంపైరు, 2002 నుండి ఇద్దరూ తటస్థులే. తరవాత 2020లో కరోనా వచ్చి ప్రయాణాలు ఆగిపోవటంతో మళ్ళీ స్వదేశీ అంపైర్లనే పెట్టవలసి వచ్చింది. అప్పుడు నిర్వాహకులు చేసిన సర్దుబాటు గమనించదగ్గది. టెస్టులలో ఒక్కొక్క ఇన్నింగ్సుకు జట్టుకు వుండే సమీక్షలను రెండు నుండి మూడుకు పెంచారు. తీర్పరి మనవాడయినప్పుడు ఎదుటివాడి ప్రశ్నించే హక్కును పెంచాలి. ఈ ఒక్క ఏర్పాటులో ఎంతో ప్రజాస్వామ్యం వుంది. తటస్థత మనిషి పుట్టుకలో లేదు. ఆ తీర్పును పదిమంది ముందు పరీక్షకు పెట్టే ఏర్పాటులో వుంది.

కాని కెమెరాలు, సమీక్షలు డబ్బున్న ఆటకు సంబంధించినవి. మండల స్థాయి పోటీలో, జాతర సమయంలో పెట్టే కప్పు పోటీలో కెమెరా ఎక్కడిది? అక్కడ వున్నది ఒక్క మనిషి కన్నూ, చెవీ, అన్నిటికంటె ముఖ్యంగా ఆ మనిషి ఊళ్ళో ఎవరికి భయపడతాడన్నది.

*

మన కళారూపాలు ఈ సమస్యను ఎట్లా చూశాయి? హైదరాబాదు తరఫున రంజీ ఆడిన హరిమోహన్ పరువు ఇంగ్లీషులో రాసిన నవల ఆధారంగా 2011లో 'గోల్కొండ హైస్కూల్' చిత్రం వచ్చింది. బడి ఆటస్థలాన్ని ఐ.ఐ.టి. శిక్షణ కేంద్రం కోసం తీసేసుకోవాలనుకునేవారికీ, అక్కడ ఆడుకునే పిల్లలకూ మధ్య ఘర్షణ దాని వస్తువు. ఆటలో న్యాయం గురించి మాట్లాడేముందు ఆడుకునే నేల ఎవరిదని అడిగినందుకు దాన్ని మెచ్చుకోవాలి. అయితే పరిష్కారం మాత్రం కప్పు గెలవటంలోనే వుంది. పిల్లలు ఓడిపోయి వుంటే ఆ నేల మీద వాళ్ళకు హక్కు లేనట్టేనా?

2019లో వచ్చి జాతీయ పురస్కారం అందుకున్న 'జెర్సీ' మరింత బలమయిన చిత్రం. హైదరాబాదు రంజీ ఆటగాడు అర్జున్ ప్రతిభ వుండి కూడా భారత జట్టుకు ఎంపిక కాడు. ఆట వదిలేస్తాడు, ఉద్యోగం పోగొట్టుకుంటాడు, కొడుకు అడిగిన జెర్సీ కొనటానికి అయిదు వందలు పుట్టని స్థితికి వస్తాడు. ముప్పయ్యారేళ్ళ వయసులో తిరిగి బ్యాటు పట్టుకుంటాడు. ఆ తండ్రి అవమానాన్ని చిత్రించటంలో దర్శకుడి నిజాయితీని శంకించలేం. కాని ఎంపికలో జరిగిన అన్యాయం వల్ల ఆట వదిలాడని చాలాసేపు మనల్ని నమ్మనిచ్చి, చివరలో అసలు కారణం గుండెజబ్బు అని చెబుతారు. అంతవరకు మన ముందు నిలబడిన సామాజిక ప్రశ్న ఆ క్షణంలో వైద్య సమస్యగా మారిపోతుంది. తీర్పు చెప్పినవాడు బోనులోంచి నిశ్శబ్దంగా దిగి వెళ్ళిపోతాడు. ప్రేక్షకుడు కన్నీళ్ళతో ఇంటికి వెళతాడు, కోపంతో వెళ్ళడు.

*

ఇక నా సంగతి. ఏడెనిమిదేళ్ళ కిందట వేసవి సెలవుల్లో రెండు పల్లెల పిల్లలకు పోటీ పెట్టి నన్ను అంపైరుగా నిలబెట్టారు. షామియానా, మంచినీళ్ళు, కప్పు, అన్నీ ఒక ఆసామివి. ఆయన కొడుకు బ్యాటింగు చేస్తున్నాడు. బంతి వేస్తున్నది నా దగ్గర పదవ తరగతి చదివే పిల్లవాడు, తల్లిదండ్రులు చీనీ తోటల్లో కూలికి పోతారు. బంతి అంచుకు తగిలి కీపరు చేతిలో పడింది. శబ్దం నాకు స్పష్టంగా వినిపించింది. పదకొండు మంది ఒక్క గొంతుతో అడిగారు. నా కళ్ళు ఒక్క క్షణం షామియానా వైపు పోయినాయి. నాటౌటన్నాను. పిల్లలు గొణిగితే దగ్గరికి పిలిచి, అంపైరు తీర్పును గౌరవించటమే క్రీడాస్ఫూర్తి అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ పిల్లవాడు మాట్లాడకుండా వెనక్కి నడిచి వెళ్ళి తరవాతి బంతి వేశాడు. వాళ్ళు ఓడిపోయారు.

జూన్‌లో బడి తెరిచాక ఒకరోజు నా దగ్గరికి వచ్చి అడిగాడు: "సార్, ఆ పొద్దు సప్పుడు మీగ్గూడా ఇనపడింది గదా?"

గాలి చప్పుడనుకున్నానని చెప్పాను.

"మీరు చెప్తే సరే సార్" అన్నాడు.

ఆ 'సరే'లో గౌరవం లేదు, లొంగుబాటు వుంది. మనం క్రీడాస్ఫూర్తి అని పేరు పెట్టి మార్కులు వేసేది చాలాసార్లు ఈ లొంగుబాటుకే.

అదే పిల్లలు రోజూ బీడులో ఆడుకునేటప్పుడు అంపైరు ఎవరు? బ్యాటింగు జట్టులో తరవాత ఆడవలసిన పిల్లవాడు. తనవాడికి తానే అవుటివ్వాలి. తనవాళ్ళంతా వెనకనుంచి అరుస్తూ వుంటారు. అయినా ఇస్తాడు, చాలాసార్లు న్యాయంగానే ఇస్తాడు. ఎందుకు ఇస్తాడని నేను ఎంతో ఆలోచించాను. వాడు మహాత్ముడయి కాదు. ఇంకొక గంటకు వాడు ఫీల్డింగు చేయాలి, ఎదుటి పక్షం పిల్లవాడు అంపైరుగా నిలబడాలి. ఇవాళ తొండి చేస్తే రేపు 'తొండాటకు మేం రాము' అని అవతలివాళ్ళు చేతులు దులుపుకుని వెళ్ళిపోతారు, ఆట ఆగిపోతుంది. ఆ వాక్యం ఒక సమ్మె నోటీసు. పాత్రలు తారుమారయ్యే అవకాశం వున్నంతవరకే న్యాయం బతుకుతుంది. షామియానా కింద పాత్రలు తారుమారు కావు. అక్కడ ఎప్పుడూ వాడిదే బ్యాటింగు.

ఆ బీడును ఆదర్శ రాజ్యమని నేను అనటంలేదు. బ్యాటు ఎవరిదయితే మొదటి బ్యాటింగు వాడిదే. ఆడపిల్లలు ఆ బీడులోకి రారు, రానివ్వరు. అయినా అక్కడ 'నీది తొండి' అని ఎవడయినా ఎవడితోనయినా అనగలడు. నా అంపైరింగులో ఆ ఒక్క మాటనే నేను నోరు నొక్కేశాను.

*

మన విమర్శ గురించి చెప్పవలసిన చోటికి వచ్చాం. అభ్యుదయ సాహిత్య పత్రికల్లో పుస్తక సమీక్ష స్థూలంగా బ్యాటింగు జట్టు అంపైరింగే. రాసినవాడు మనవాడు, సమీక్షించేవాడు మనవాడు. ఇందులో దోషం లేదు. మన రచనలను మన దృక్పథం తెలిసినవాడే సమీక్షించాలి. అయితే ఆ పిల్లవాడిలా తనవాడికి వేలెత్తే ధైర్యం మనకు వుందా? కొన్నేళ్ళ కిందట ఒక మిత్రుడి నవలను నేను సమీక్షించాను. అందులో కూలి స్త్రీలు రచయిత ఉపన్యాసాలను అప్పజెబుతారు. రెండవ సగంలో ఒక్క పాత్ర కూడా తన మాట తాను మాట్లాడదు. చదువుతున్నప్పుడే నాకు ఆ చప్పుడు వినిపించింది. కాని 'వస్తుబలం ముందు శిల్పలోపం స్వల్పం' అని రాసి నాటౌటిచ్చాను. మిత్రుడు సంతోషించాడు. తరవాతి నవలలో అదే లోపాన్ని రెట్టింపు చేశాడు.

ఇట్లా చేయటానికి మన జిల్లావాళ్ళకు మరీ సాకు లేదు. ఈ నేల మీదనే రాచమల్లు రామచంద్రారెడ్డి పుట్టారు. 1968లో మొదలయిన 'సంవేదన'లో ఆయన మార్క్సిస్టు విమర్శకుడుగా వుండి, ఆ శిబిరం గొప్పగా చెప్పుకునేవాటిని కూడా నిర్దాక్షిణ్యంగా పరీక్షకు పెట్టారు. ఆయన తీర్పులన్నీ సరయినవని ఎవరూ అనరు. తీర్పుకు కారణాలు చెప్పేవారు, వాటిని ఖండించే అవకాశం ఎదుటివారికి వుండేది. అంపైరు నుండి మనం అడగవలసింది అంతే. తప్పు చేయనివాడు కావాలని ఎవరూ కోరటంలేదు. కారణం చెప్పేవాడు, అడిగితే వినేవాడు, తప్పయితే దిద్దుకునేవాడు కావాలి.

క్రికెట్టులో మరొక నియమం వుంది. ఎవరూ అప్పీలు చేయకపోతే అంపైరు అవుటివ్వకూడదు. అడగనిదే తీర్పు రాదు. మన పాఠకులు, ముఖ్యంగా విద్యార్థులు, అడగటం మానేశారు. 'మీరు చెప్తే సరే సార్' అంటున్నారు. దానికి బాధ్యత వాళ్ళది కాదు. అడిగినప్పుడు ఉపన్యాసం ఇచ్చిన మా బోటి వాళ్ళది.

ఆ నవల మీద నా పాత అభిప్రాయాన్ని దిద్దుకుంటూ మరొక వ్యాసం రాస్తున్నాను. ముందు ఆ మిత్రుడికే చూపిస్తాను, ఆయన సమాధానం కూడా పక్కనే అచ్చు వేయమని కోరతాను. విజయనగరంలో లాగే నా దిద్దుబాటు ఆలస్యంగా వస్తున్నది, దాని మీద కూడా తగాదా రావచ్చు. రానివ్వండి. ఆ బౌలరు పిల్లవాడికి మాత్రం నేను దిద్దుబాటు చేయలేదు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఏదో బట్టల కొట్టులో పనిచేస్తున్నాడని విన్నాను. ఈసారి అటు వెళ్ళినప్పుడు కలిసి, ఆ పొద్దు చప్పుడు నాకు వినపడిందని చెప్పాలి.